తలారి పెండ్లాం

మొన్న వనపర్తిలో ఒక కాలేజీవాళ్లు పిలిస్తే వెళ్లాను. కథలు ఎలా పుడతాయో పిల్లలకు చెప్పాలట. అది తెలిసినదాన్నయితే ఈపాటికి ఇంకో నాలుగు పుస్తకాలు రాసి ఉండేదాన్ని. పిలిచారు కదా, శాలువా కప్పారు కదా అని మైకు ముందు నిలబడి సమాజం అన్నాను, పరిశీలన అన్నాను, మనిషి లోపలి సంఘర్షణ అన్నాను. పిల్లలు బుద్ధిగా ఆవలించారు. చివర్లో వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. నూనె రాసి బిగించిన జడ, చేతిలో నా కథల పుస్తకం.

"మేడమ్, మీ కథలల్ల అందరు కొట్టుకుంటరు, నరుక్కుంటరు. పేజీ తిప్పితే నెత్తురే. కాని అసలు సావాల్సినోడు మాత్రం ఒక్క కథల గూడ సావడు. ఎందుకు మేడమ్?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏదో జవాబు చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు నాకే గుర్తు లేదు, అంత గొప్పగా చెప్పాను.

తర్వాత హాస్టల్లో భోజనం. ప్రిన్సిపాల్ గారు పక్కన కూర్చుని వాళ్ల కాలేజీ గొప్పలు చెబుతున్నారు. వంటామె అన్నం వార్చిన గంజిని పెద్ద గిన్నెలో, మసిబట్టలతో రెండు చేతులా పట్టుకుని, నా కుర్చీ వెనక నుంచి పోతూ "జరుగుండ్రి మేడమ్, కాల్తది" అంది. ఆ వేడి నా మెడ వెనక తగలడమూ నేను కుర్చీలోంచి ఎగిరి అవతల పడడమూ ఒకేసారి జరిగాయి. పళ్లెం నేల మీద, పప్పు ప్రిన్సిపాల్ గారి చొక్కా మీద. ఆ వంటామె పాపం బిత్తరపోయింది. వయసు మీద పడింది, కళ్లు తిరిగాయేమో అనుకున్నారందరూ. నేనూ అవునన్నాను.

నాకేం కళ్లు తిరగలేదు. ఎప్పటిదో ఒక గంజి గిన్నె గుర్తొచ్చింది, అంతే.

మేము గద్వాలలో మగ్గాల వీధిలో ఉండేవాళ్లం. పొద్దున లేచి బయటికొస్తే వీధి పొడుగునా పడుగులు సాగదీసి కట్టి ఉండేవి. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి పెద్ద పెద్ద బ్రష్షులతో పోగులకు గంజి పట్టించేవాళ్లు. ఆ గంజి వాసన గోడలకు, గుడ్డలకు, మా జుట్టుకు కూడా పట్టి ఉండేది. కొత్తగా ఆ వీధిలోకి వచ్చినవాళ్లు ఎవరింట్లో అన్నం అడుగంటింది అని అడిగేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన లేకపోతే ఏదో పండగ సెలవులాగా వెలితిగా అనిపించేది. దాని మీదుగా పక్క సందులోంచి మిరపకాయ బజ్జీల వాసన వచ్చేది. పొద్దుటి పూట బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు, ఎవరింట్లో మగ్గం బాగా నడిస్తే వాళ్లింట్లో. మా ఇంట్లో జొన్నరొట్టె, పల్లీల కారం.

ఇంట్లో ముందు గది అంతా మగ్గమే. నేలలో గుంట, ఆ గుంటలో తొక్కుడు చెక్కలు. మా నాయిన గుంట అంచున కూర్చుని కాళ్లు లోపల పెట్టేవాడు. నేసిన చీరను చుట్టుకునే బరువైన కర్ర అడ్డంగా ఆయన ఒళ్లోకి వచ్చేది. ఇక లేవాలంటే ఆ కర్ర బిగువు సడలించి, చేతులు నేలకు ఆనించి, కాళ్లు ఒకటొకటిగా పైకి లాక్కోవాలి. గభాలున అయ్యే పని కాదు.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ ఒకే మగ్గం మీద నేస్తారు. పోగును అడ్డంగా అటూ ఇటూ మోసుకుపోయేది నాడె. ఒంటి నూలు పోగు అంచు దగ్గరికి రాగానే అక్కడ ఇంకొక నాడెలో ఉన్న పట్టు పోగుతో దాన్ని మెలివేసి కలపాలి. దాన్ని కుట్టు అంటారు. ప్రతి పోగుకూ కుట్టు పడాలి. ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు కనుక నేత మనిషి పక్కన ఇంకొకరు కూర్చోవాలి. మా ఇంట్లో ఆ ఇంకొకరు నేను. నాయిన ఎడమ పక్కన, చెక్క పలక మీద, కొంచెం ఆయన వైపు తిరిగి కూర్చునేదాన్ని. ఆయన నాడె వేయడం, నేను కుట్టు కలిపి నా నాడె వేయడం. నా చేయి ఆగితే మగ్గం ఆగుతుంది.

అందుకే మా నాయిన నన్నెప్పుడూ కొట్టలేదు. నా వేళ్లు ఆయనకు కావాలి. అమ్మ చేతులు కూడా కావాలి, నూలు కండెలు చుట్టడానికి. కానీ వాచిన చేతులతోనైనా కండెలు చుట్టవచ్చునని ఆయన ధీమా.

కూరలో ఉప్పు తక్కువైతే కొట్టేవాడు. చీరలు కొనే సేటు మాటన్నాడని కొట్టేవాడు. అన్నిటికన్నా ఎక్కువ, పోగు తెగితే కొట్టేవాడు. పోగు తెగడానికీ అమ్మకూ ఏం సంబంధమని అడిగేవాళ్లు లేరు. ఎండాకాలం వస్తే గాలిలో తడి ఉండదు, పోగులు ఊరికే పుటుక్కుమంటాయి. గుంటలో నీళ్లు చల్లినా, కిటికీకి తడి గోనె కట్టినా లాభం ఉండదు. వేరే పిల్లలకు ఎండాకాలం అంటే సెలవులు, మామిడికాయలు. నాకు తెగే పోగుల కాలం. ఆయన చెయ్యి ముందుగా వెళ్లేది పడుగులో పోగులు విడిగా ఉండడానికి పెట్టే వెదురుబద్ద మీదికి. అలాంటిదొకటి ఎప్పుడూ గోడకు ఆనించి ఉండేది. అది వీపు మీద పడిన చప్పుడు నాకు ఇప్పటికీ వేరే ఏ చప్పుడుతోనూ కలవదు.

అమ్మది సరిహద్దుకు అవతల, రాయచూరు వైపు. ఆమె మాటలో కన్నడం దొర్లేది. దెబ్బలు తింటున్నప్పుడు అరిచేది కాదు. నేను ఏడిస్తే మాత్రం నా వైపు చూసి "సుమ్నిరు" అనేది. ఊరుకో అని. గోడ అవతల ఒక అవ్వ ఉండేది. "ఇయ్యాల నీ మగ్గం సప్పుడు కంటె నీ పెండ్లాం వీపు సప్పుడె ఎక్కువున్నది గదరా" అని అక్కడి నుంచే అరిచేది. మా నాయిన నవ్వేవాడు. వీధిలో మిగతావాళ్లు అది కూడా అరిచేవాళ్లు కాదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పోగులు తెగుతూనే ఉన్నాయి. అతికినది అతికినట్టే మళ్లీ తెగుతోంది. నాయిన దవడ కదలడం చూశాను. అమ్మ వంటింటి గడప దగ్గర రాట్నం తిప్పుతోంది. ఆయన ఒళ్లోని కర్ర సడలించి చేతులు నేలకు ఆనించాడు. ఇంకో నిమిషంలో ఏం జరుగుతుందో తెలుసు. నా నోట్లోంచి ఎక్కడిదో ఒక మాట ఊడిపడింది.

"నాయినా, ఘణపూర్ ఖిల్లల తలకాయ దొరికిందంట."

ఆయన సగం లేచినవాడు అలాగే ఆగాడు. "ఎవరి తలకాయ?"

"తెల్వదు. మొండెం లేదంట. బావిల నీళ్లు చేదుతుంటె బొక్కెనల వచ్చిందంట. కండ్లు తెరిచే ఉన్నయంట."

"ఎవరు జెప్పిండ్రు నీకు?"

"బడిల జెప్పిండ్రు." అప్పటికి బడి మూసి చాలా రోజులైంది. ఆయనకు అది తట్టలేదు.

"ఎవడు నరికిండో మరి?"

"తలారి."

ఆయన మెల్లిగా మళ్లీ గుంటలోకి దిగాడు. "ఏ తలారి?" అన్నాడు, నాడె అందుకుంటూ.

అప్పటికి నాకూ తెలియదు ఏ తలారో. నాడె అటు పోయి ఇటు వచ్చే లోపల వాడికి ఒక మీసం పెట్టాను. ఇంకోసారి వచ్చే లోపల ఒక కత్తి ఇచ్చాను. వెనకటికి ఆ ఖిల్లాలో ఒక దొర ఉన్నాడని, ఆ దొర చెప్పినవాళ్ల తలలు నరకడం ఈ తలారి పని అని, వాడు తలలన్నీ బావిలో వేశాడని అల్లుకుంటూ పోయాను. వెలుగు తగ్గి పోగులు కనబడకుండా పోయే వేళకు తలారి కత్తి ఎత్తి ఉన్నాడు. అక్కడ ఆపాను.

"దీపం పెట్టే యాళ్లయింది. మిగతాది రేపు చెప్తా."

ఆ రోజు అమ్మ వీపు మీద ఏమీ పడలేదు.

మర్నాడు పొద్దున గుంటలో దిగీ దిగకముందే "ఊ, తర్వాత?" అన్నాడు. అలా మొదలైంది. మా నాయిన సాయంత్రం కల్లు దుకాణానికి పోయి నా కథను తన కథలా చెప్పుకునేవాడు. వచ్చి నన్నే అడిగేవాడు. "తలారి కుడి చేత్తోటి నరుకుతడా, ఎడమ చేత్తోటా? మావోళ్లు అడుగుతున్నరు." ఎడమ చేతితో అన్నాను. కల్లు దుకాణంలో అది చాలామందికి నచ్చిందట. నా మొదటి పాఠకులు వాళ్లు, తరువాత వచ్చినవాళ్లలో కొందరికన్నా నయం.

కథ ఒక చిక్కులో వేలాడుతున్నంత సేపు పోగు తెగినా ఆయన చెయ్యి గోడ వైపు పోదని కనిపెట్టాను. ముడి వేసుకుంటూ "చెప్పవే" అనేవాడు. కానీ ఆయనకు నెత్తురే కావాలి. ఒకరోజు కొంచెం ఊపిరి తీసుకుందామని రాజకూతురిని, చిలకను పట్టుకొచ్చాను. చిలక రెండు మాటలు మాట్లాడిందో లేదో ఆయన కళ్లు వెదురుబద్ద మీదికి పోయాయి. చిలక మెడ అక్కడికక్కడే విరిచేయాల్సి వచ్చింది.

ఇక రోజూ నెత్తురు ఎక్కడి నుంచి తేవాలి? పాలకని పంపితే మార్కెట్ వెనక మటన్ దుకాణం దగ్గర నిలబడేదాన్ని. "కోసినంక ఎంతసేపు కండ్లు చూస్తయి?" అని అడిగాను. మటన్ కొట్టేటాయన కత్తి తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసి "నువ్వు మగ్గమోల్ల పిల్లవా, యముని పిల్లవా? పో, పాలు ఇరుగుతయి" అన్నాడు. గోడ అవతలి అవ్వ నాగర్‌కర్నూల్ వైపు పుట్టింది. ఆమె కాళ్లు ఒత్తితే వాళ్ల ఊరి దొర మనుషులు ఒకణ్ని బండికి కట్టి ఊరంతా ఈడ్చిన సంగతి చెప్పింది. వీపు తోలు ఎక్కడెక్కడ ఊడిందో కూడా చెప్పింది. "నీకెందుకే ఇవన్ని, ఆడిపిల్లవు" అనేది, చెప్పడం మాత్రం ఆపేది కాదు.

ఒకనాడు బస్టాండు దగ్గర ఉగ్గాణి పొట్లం పట్టుకుని వస్తున్నాను. వడ్డేపల్లి వైపు నుంచి వచ్చిన అన్నదమ్ముల కొడుకులు ఇద్దరు సోడా బండి ముందు కలబడ్డారు. పొలం గెట్టు పంచాయితీ. ఒకడి చేతిలో గొడ్డలి. సోడా సీసాలు పగిలాయి, జనం నాలుగు దిక్కులా పరుగెత్తారు. గొడ్డలి దెబ్బ మొహం పక్కగా పడి ఒకడి చెవి తెగి చర్మంతో వేలాడింది. నెత్తురు భుజం మీదుగా మోచేతి దాకా కారింది. నేను కదల్లేదు. పొట్లంలోంచి ఉగ్గాణి తింటూ చూశాను, తింటున్న సంగతి నాకు తర్వాత గానీ తెలియలేదు. ఆ మనిషి చెవిని ఒక చేత్తో పట్టుకుని, వంగి, సోడా బండి కింద తన చెప్పు వెతుక్కుంటున్నాడు. దవాఖానకు పోదాం రా అని జనం లాగుతుంటే "నా చెప్పు యాడుంది, చెప్పు దొరకనియ్యుండ్రి" అంటున్నాడు.

ఆ మధ్యాహ్నం తలారి ఒకడి చెవి తెగ్గొట్టాడు. ఆ చెవి తెగినవాడు చెప్పు వెతుక్కున్నాడు. నాయిన నాడె ఆపి నా మొహంలోకి చూశాడు. "నిజమే బిడ్డా. గట్లనే ఉంటది" అన్నాడు. అన్నాళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నేను ఎంత మురిసిపోయానంటే, ఆయన మీద నాకున్న కోపం కూడా కాసేపు మరిచిపోయాను. ఆ తర్వాత ఎన్ని శాలువాలు కప్పించుకున్నా అంత మురిపెం కలగలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

తలారి సొంత తమ్ముణ్ని నరకాల్సి వచ్చిన రోజు మా కొంప మునిగింది. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. నాయిన ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను. చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. కుట్టు తప్పింది. ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. అంచు ఒక దారి, ఒళ్లు ఒక దారి పోతూ వేలెడు పొడుగున నేశాం. చీర చుట్టుకుపోయింది, ఆ తప్పు కూడా లోపలికి చుట్టుకుపోయింది.

సేటు దుకాణంలో చీర విప్పితే బయటపడింది. నేనూ నాయిన వెనక నిలబడి ఉన్నాను. సేటు ఆ సందులో వేలు పెట్టి అటూ ఇటూ ఆడించాడు. అక్కడున్న నేతగాళ్లందరూ చూశారు. "మీ ఇంటామెను కట్టుకొమ్మను" అని మడత కూడా పెట్టకుండా విసిరేశాడు.

నాయిన చీరను చంకలో ఇరికించుకుని ముందు నడిచాడు. ఇంట్లోకి వచ్చి తలుపు వేశాడు. అమ్మ జొన్నపిండి కలుపుతోంది. "దీనికి కథలు నేర్పింది నువ్వేనా?" అన్నాడు. ఆమె తల ఎత్తే లోపలే మొదటి దెబ్బ పడింది. వెదురుబద్ద చీలిపోయే దాకా కొట్టాడు. అది చీలిపోతే కాలితో తన్నాడు. నేను "నాయినా, తలారి లేచిండు, తలారి తమ్ముడు సావలే, ఇను నాయినా" అని అరుస్తూనే ఉన్నాను. ఆయనకు వినబడలేదు. అమ్మ జుట్టు పట్టి తలుపు చెక్కకు కొట్టాడు. కనుబొమ్మ చిట్లి నెత్తురు తాంబాళంలోని పిండిలో పడింది. తర్వాత చెప్పులేసుకుని కల్లు దుకాణానికి వెళ్లిపోయాడు.

అమ్మ లేచి కూర్చుంది. పిండిలో ఎర్రగా తడిసిన చోట గిల్లి పక్కన పెట్టింది. మిగిలినది కలిపి రొట్టెలు చేసింది. నాకు పెట్టింది, నేను తిన్నాను. ఆకలి అలాంటిది. కథలు ఎందుకూ పనికిరావని ఆ రొట్టె తింటూ అనుకున్నాను.

మర్నాడు మగ్గం మీద కొత్త చీర. నాయిన నాడె వేశాడు, నేను కుట్టు కలిపాను. నోరు తెరవలేదు.

"ఊ, తర్వాత?" అన్నాడు, నిన్న ఏమీ జరగనట్టే.

నేను తల వంచి కుట్టు చూసుకున్నాను. పోగు తెగింది. ముడి వేశాడు. మళ్లీ తెగింది. "చెప్తవా లేదా?" అన్నాడు గొంతు మార్చి.

"నేను చెప్త" అంది అమ్మ.

గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని ఉంది. ఒక కన్ను పూర్తిగా వాచి మూసుకుపోయింది.

"నీకేం తెల్సు కథ?"

"దానికి తల్లిని నేనే గద." రాట్నం తిప్పడం ఆపకుండానే అంది. "తలారికి పెండ్లాం ఉండె."

"కథల పెండ్లాం ఎందుకు?"

"ఇంట్ల అన్నం ఎవరు వండాలె మరి? ఆయన నెత్తురు గుడ్డలు ఎవరు పిండాలె?"

నాయిన నవ్వాడు. "సరె చెప్పు" అన్నాడు.

అమ్మ చెప్పే తీరు నాలా కాదు. గొంతు ఎత్తదు, చెయ్యి ఊపదు. కండె నిండితే తీసి పక్కన పెట్టి, ఇంకొకటి ఎక్కించి చెబుతుంది. తలారి పెండ్లాం రోజూ సాయంత్రం వాడి గుడ్డలు ఏట్లో పిండేదట. మెడలు నరికి నరికి కత్తి మొద్దుబారితే నూరేది ఆమేనట. నూరిన కత్తి వెనక వైపుతోనే వాడు ఆమెను కొట్టేవాడట. నరికితే అన్నం వండేవాళ్లు ఉండరు కనుక. వాడు పని చేస్తుంటే చూసి చూసి, మనిషికి ఏ ఎముక ఎక్కడుంటుందో, ఎక్కడ తగిలితే ఎంతసేపు బతుకుతాడో ఆమెకు తెలిసిపోయిందట. నాయిన నాడె వేస్తూ వింటున్నాడు. నేను కుట్టు కలుపుతూ వింటున్నాను. ఈసారి కుట్టు తప్పలేదు, ప్రతి పోగూ చూసి కలిపాను. వెలుగు తగ్గగానే అమ్మ ఆపేది. కొన్నాళ్లు అలా నడిచింది. ఆ కొన్నాళ్లూ ఆమె మీద చెయ్యి పడలేదు. వాపు తగ్గి కన్ను తెరుచుకుంది. నాకు ధైర్యం వచ్చింది.

అప్పుడు తర్వాతి చీరల పడుగుకు గంజి పట్టించే రోజు వచ్చింది. పడుగు వీధిలో సాగదీసి ఉంది. వెనక పెరట్లో మూడు రాళ్ల మీద పెద్ద గిన్నెతో అమ్మ గంజి కాస్తోంది. గంజి పెరట్లోంచి వీధిలోకి పోవాలంటే మగ్గం గదిలోంచి, నాయిన వెనక నుంచి పోవాల్సిందే. ఆ రోజు మబ్బు పట్టి ఉక్కగా ఉంది. నాయిన గుంటలో ఉన్నాడు. అమ్మ పెరట్లోంచే కథ చెబుతోంది. పొయ్యి ఊదినప్పుడు ఆగుతోంది, మళ్లీ అందుకుంటోంది.

తర్వాత ఆమె గొంతు దగ్గరగా వినబడింది. తల తిప్పి చూశాను. మసిబట్టలతో గిన్నె పట్టుకుని నాయిన వెనక నిలబడి ఉంది. గిన్నెలో గంజి ఇంకా బుడగలు వేస్తోంది. పోవడానికి దారి ఉంది. ఆమె పోవడం లేదు.

"ఆ పొద్దు తలారి గుంటల కూసున్నడు" అంది.

"ఏ గుంటల?" అన్నాడు నాయిన.

"కత్తి నూరే గుంటల. కాళ్లు రెండు లోపల్నే ఉండె. ఒళ్లె బరువుండె. పెండ్లాం గంజి కాచింది."

నాడె మెల్లగా అయింది. ఆవిరి ఆయన మెడకు తగిలినట్టుంది, భుజాలు బిగుసుకున్నాయి. "ఏయ్, ఆ గంజి అవతల పెట్టు" అన్నాడు. తిరగలేదు. తిరగాలంటే ఒళ్లో కర్ర, కాళ్లు గుంటలో.

"సుమ్నిరు" అంది అమ్మ. ఎప్పుడూ నాతో అనే మాట, ఆయనతో అనడం మొదటిసారి విన్నాను. "కథ కానియ్యి. ఆమె ఎనక నిలబడ్డది. తల మీద పొయ్యాల్నా, మెడ మీద పొయ్యాల్నా అని చూసింది. మెడ మీద పోస్తె వీపంత జారుతది. బతికినా ఇంక చెయ్యి లేవదు."

గిన్నె వంగింది. ఒక చుక్క ఆయన భుజం మీద పడింది. ఆయన "అమ్మా" అన్నాడు, చిన్నగా. కర్ర మీద చేతులు వేశాడు కానీ సడలించలేదు. కదిలితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. నా నాడె నా చేతిలోనే ఉంది. వీధిలో ఎవరో గంజి ఏదని కేక వేశారు.

"బిడ్డా, నువ్వు చెప్పు" అంది అమ్మ. "కథ మొదలువెట్టింది నువ్వు. పోసిందా, పొయ్యలేదా?"

నేను అమ్మను చూశాను. ఆమె చేతులను చూశాను. తర్వాత నాయిన మొహం చూశాను.

"దీపం పెట్టే యాళ్లయింది" అన్నాను. "మిగతాది రేపు చెప్తా."

బయట ఇంకా వెలుగు ఉంది. ఎవరం కదల్లేదు. ఆవిరి మాత్రం కదిలింది. తర్వాత అమ్మ గిన్నె నిటారుగా పట్టుకుని, ఆయన వెనక నుంచి నడిచి, గడప దాటి వీధిలోకి పోయింది. గిన్నె బండ మీద దించిన చప్పుడు వినబడింది. "ఇంతసేపా?" అని ఎవరో విసుక్కున్నారు. నాయిన గుంటలోంచి లేవలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయన్నాడు. ఆయన లుంగీ తడిసి ఉండడం నేను చూడనట్టు ఉండిపోయాను.

ఆ దెబ్బతో మా నాయిన మారిపోయాడని రాస్తే అబద్ధమవుతుంది. తిట్టాడు, తాగాడు, అన్నం గిన్నెలు విసిరేశాడు. గంజి కాచే రోజున మగ్గంలో దిగకుండా ఏదో పని కల్పించుకుని బయటికి పోయేవాడు. ఒకటి రెండుసార్లు చెయ్యి లేచింది. లేచిన చెయ్యి గాలిలో ఆగి, తల గోక్కుని, కిందికి దిగింది. భుజం మీద ఆ చుక్క పడిన చోట చర్మం తెల్లగా మిగిలిపోయింది. రోజూ "తర్వాత?" అని అడిగిన మనిషి తలారి కథను మళ్లీ ఎప్పుడూ అడగలేదు. కల్లు దుకాణంలోవాళ్లు అడిగితే ఏం చెప్పాడో తెలియదు. వానలు పడ్డాయి, గాలిలో తడి వచ్చింది, పోగులు తెగడం తగ్గింది. నేను బడికి పోయాను.

ఆయన పోయాక చాలా ఏళ్లకు, మగ్గం తీసేసి గుంట పూడ్చి బండలు పరిచిన ఆ గదిలోనే అమ్మను అడిగాను. నా పుస్తకం ఒకటి అప్పుడే వచ్చింది. ఆమె చదవలేదు కానీ అట్ట మీద చెయ్యి రాసి చూసింది.

"అమ్మా, ఆ పొద్దు నేను పోసిందంటే పోస్తుంటివా?"

ఏ పొద్దు అని ఆమె అడగలేదు. "నువ్వు పోసిందనే అంటవనుకున్న. మసిబట్టలు గట్టిగ సర్దుకుంటి."

"నేను గూడ అదే అందామని నోరు తెరిసిన."

"మరెందుకు అనలే?"

నేను అప్పటి దాకా ఎవరికీ చెప్పని సంగతి అది. నాయిన ఆ క్షణంలో నన్ను బతిమాలుతాడేమో, బెదిరిస్తాడేమో అనుకుని చూశాను. ఆ రెండూ లేవు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కనుబొమ్మలు పైకి లేచి ఉన్నాయి. రోజూ వెలుగు తగ్గే వేళకు ఎలా చూసేవాడో అలాగే చూస్తున్నాడు. చావు నెత్తి మీద ఆవిరి కక్కుతుంటే ఆ మనిషి తర్వాత ఏమవుతుందోనని నా నోటికేసి చూస్తున్నాడు. అలా చూసేవాడికి నేను రోజూ ఏం చెబుతానో అదే నా నోట్లోంచి వచ్చింది. ఇదంతా అమ్మకు చెప్పాను.

అమ్మ అట్ట మీద ఇంకోసారి చెయ్యి రాసింది. పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది.

"నేను ఎనక నిలబడి ఉంటి బిడ్డా" అంది. "నాకు ఆయన మొకం కనపడలే."